సముద్రపు ఒడ్డున చిత్రశాల: డెల్టా నుంచి లూసియానాకు వెళ్లేవారి కోసం

పిల్లల దగ్గర రెండు మూడు నెలలు ఉండి రావడానికి డెన్మార్కుకో, దానికి ఎదురుగట్టున ఉన్న దక్షిణ స్వీడన్‌కో వెళ్లే పెద్దవాళ్లు ఇప్పుడు కోనసీమలోనూ, నరసాపురం, పాలకొల్లు వైపూ తరచుగా కనబడుతున్నారు. అక్కడికి వెళ్లినవారు రాజభవనాలూ బజార్లూ చూసి వస్తారు గాని, కోపెన్‌హాగెన్‌కు ఉత్తరంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, హుమ్లెబెక్ అనే చిన్న ఊరిలో, ఓరెసుండ్ జలసంధి ఒడ్డున ఉన్న లూసియానా ఆధునిక కళా మ్యూజియాన్ని మాత్రం "అవన్నీ మనకేం అర్థమవుతాయి" అనుకుని వదిలేస్తారు. ఆ మాట నిజం కాదని నా గట్టి నమ్మకం. ఏటి గట్టున పుట్టి, సముద్రపు గాలి పీలుస్తూ పెరిగినవారికి ఆ మ్యూజియంలో తోచకపోవడమంటూ ఉండదు. కాకపోతే దాన్ని చూసే పద్ధతి కొంత తెలుసుకుని వెళ్లాలి. ఆ పద్ధతిని ఒక్క వాక్యంలో చెప్పవలసి వస్తే ఇలా చెబుతాను: ఏ కళాఖండం ముందు నిలబడినా "దీని అర్థం ఏమిటి" అన్న ప్రశ్నను కాసేపు పక్కనబెట్టి, "ఇది ఎక్కడ నిలబడి ఉంది, దేని పక్కన ఉంది, దీని మీద ఏ వెలుతురు పడుతోంది" అని అడగాలి.

సన్నాహం ఇక్కడే, మన డెల్టాలోనే మొదలుపెట్టడం మంచిది. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలలో ఒక పూట గడపండి. 1897లో పుట్టి, 1925లో మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే కన్నుమూసిన ఆ చిత్రకారుడిని బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లేలా ప్రోత్సహించినవాడు, ఆ ఊరి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే. "పుష్పాలంకరణ", "సిద్ధార్థ రాగోదయం" వంటి చిత్రాల్లో మనకు తెలిసిన కథలూ, తెలిసిన మనుషులూ ఉంటారు కాబట్టి చూపు తడబడదు. అయితే అక్కడ అభ్యాసం చేయవలసింది కథను గుర్తుపట్టడం కాదు. ఏదో ఒక చిత్రం ముందు పది నిమిషాలు కదలకుండా నిలబడి, చిత్రకారుడు ఏది గీయకుండా వదిలేశాడో, ఏ గీతను ఎక్కడ ఆపేశాడో, కన్ను ముందుగా ఎక్కడ ఆగి తరువాత ఎటు జరుగుతోందో గమనించండి. మొదటి రెండు నిమిషాలు విసుగు పుడుతుంది, ఆ తరువాత బొమ్మ దానంతట అదే విప్పుకుంటుంది.

రెండో అభ్యాసం అంతర్వేదిలో. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి, అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్లినవారికి తెలుసు, ఏటి నీటి రంగు ఒకటి, సముద్రపు నీటి రంగు ఒకటి, ఆ రెండూ కలిసే చోట ఒక గీత. ఆ గీతకు అర్థం ఏమిటని మనం ఎప్పుడూ అడగలేదు, అయినా దాన్ని చూడడం కోసం ఎండలో నడిచి వెళ్తాం. ఏ ఆకారమూ లేకుండా రంగులు మాత్రమే పక్కపక్కన ఉండే నైరూప్య చిత్రాన్ని చూడడానికి ఇంతకన్నా వేరే తర్ఫీదు అక్కరలేదు.

ఇక ప్రయాణం సంగతి. వీసా, విమానం పనులు పిల్లలే చూసుకుంటారు కాబట్టి వాటి జోలికి ఎక్కువగా పోను. డెన్మార్క్ షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల్లో ఒకటి. తక్కువకాలపు వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అక్కడ నడిచేది యూరో కాదు, డేనిష్ క్రోన్. దాదాపు ప్రతిచోటా కార్డు చెల్లుతుంది. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. దిగిన రెండు మూడు రోజుల్లోనే మ్యూజియానికి బయలుదేరవద్దు. వేసవిలో అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది. అంటే అక్కడ సాయంత్రం ఏడయ్యేసరికి మన ఒంటికి రాత్రి పదిన్నర. కళ్లు మూతలు పడుతుండగా చూసిన బొమ్మ ఏదీ మనసులో నిలవదు.

కోపెన్‌హాగెన్ సెంట్రల్ స్టేషన్‌లో హెల్సింగోర్ వైపు వెళ్లే రైలు ఎక్కితే ముప్పావుగంటలోపే హుమ్లెబెక్ చేరుకుంటారు. రైలు ఉత్తరానికి పోతుంది, సముద్రం తూర్పున ఉంటుంది కాబట్టి కుడిచేతి వైపు కిటికీ దగ్గర కూర్చోండి. చెట్ల మధ్య నుంచి అక్కడక్కడా నీళ్లు కనబడతాయి. స్టేషన్ నుంచి మ్యూజియం పావుగంట నడక. స్వీడన్‌లోని మాల్మో నుంచి వచ్చేవారు ఓరెసుండ్ వంతెన మీదుగా రైల్లో రావచ్చు, హెల్సింగ్‌బోర్గ్ వైపు ఉండేవారు హెల్సింగోర్ దాకా ఫెర్రీలో దాటి అక్కడ రైలు అందుకోవచ్చు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాటడానికి అలవాటుపడినవారికి ఆ ఇరవై నిమిషాల నీటి ప్రయాణం ఇష్టంగానే ఉంటుంది.

మ్యూజియానికి సోమవారం సెలవు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం పదకొండు నుంచి రాత్రి పది వరకు, శని, ఆదివారాల్లో సాయంత్రం ఆరు వరకు తెరిచి ఉంచుతారు; బయలుదేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. శని, ఆదివారాలు పిల్లలకు సెలవు కాబట్టి ఆ రోజే తీసుకువెళ్తామంటారు గాని, వీలైతే వారం మధ్యలో, మధ్యాహ్నం రెండు దాటాక చేరేలా చూసుకోవాలని నా సలహా. రద్దీ తగ్గుతుందన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం వెలుతురు. మన కోస్తాలాగానే అక్కడ కూడా సముద్రం తూర్పున ఉంటుంది. ఉదయంపూట ఎండ నీటి వైపు నుంచి కళ్లలోకి కొడుతుంది, పచ్చికలో ఉన్న శిల్పాలు నల్లని నీడలుగా కనబడతాయి. మధ్యాహ్నం తిరిగాక సూర్యుడు మన వీపు వెనక్కి వస్తాడు. శిల్పం మీదా, దాని వెనకనున్న నీటి మీదా ఒకేసారి వెలుతురు పడుతుంది. జూన్ నెలలో అక్కడ పొద్దు గుంకేది రాత్రి పది గంటల ప్రాంతంలో కాబట్టి ఆ వెలుతురు చాలాసేపు నిలుస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి పడిపోతుంది. అప్పుడు వెళ్లవలసి వస్తే పదకొండు గంటలకే తలుపు దగ్గర ఉండాలి.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. టిక్కెట్టు ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కుంటే వరసలో నిలబడే పని తప్పుతుంది. వేసవి అయినా సరే ఒక స్వెట్టరు, గాలిని ఆపే జాకెట్టు తీసుకువెళ్లండి. అక్కడి జూన్ మనకు పుష్యమాసపు తెల్లవారుజాము, దానికి తోడు జలసంధి మీది గాలి. చీర కట్టుకునేవారు కింద గట్టి బూట్లు వేసుకోవడానికి మొహమాటపడవద్దు, ఆ తోట అంతా ఎగుడుదిగుడు నేల. సముద్రం కనబడే కెఫేలో భోజనం దొరుకుతుంది, శాకాహారం కావాలంటే అడగాలి. ఇంట్లో కడుపునిండా తిని బయలుదేరి, అక్కడ కాఫీతో సరిపెట్టుకోవడం అన్నిటికన్నా సుఖం.

లోపలికి వెళ్లే ముందు ఆ చోటు చరిత్ర కొంచెం తెలిసి ఉంటే నడక తేలికవుతుంది. గేటు దగ్గర కనబడే తెల్లని పాత బంగళాను 1855లో అలెగ్జాండర్ బ్రూన్ అనే ఆయన కట్టించుకున్నాడు. ఆయన వరసగా పెళ్లాడిన ముగ్గురు భార్యల పేర్లూ లూయీస్ కావడంతో ఎస్టేటుకు లూసియానా అని పేరు పెట్టుకున్నాడు, అమెరికా రాష్ట్రంతో దానికి సంబంధం లేదు. వందేళ్ల తరువాత దాన్ని కొన్న కనూడ్ జెన్సెన్ జున్ను టోకు వ్యాపారం చేసే కుటుంబంవాడు. ఆయన యోర్గెన్ బో, విల్హెల్మ్ వోలెర్ట్ అనే ఇద్దరు వాస్తుశిల్పులకు పని అప్పగిస్తూ పాత బంగళాను కూల్చవద్దని చెప్పాడు. వాళ్లు కొత్త గదులను ఒక్క అంతస్తుకు మించకుండా, సున్నం కొట్టిన ఇటుక గోడలతో, చెక్క కప్పులతో, బీచ్ (beech) అనే జాతి పెద్ద చెట్లను తప్పించుకుంటూ మలుపులు తిరిగే గాజు నడవాలతో కట్టారు. 1958లో మ్యూజియం తెరిచారు. రోడ్డు మీద నుంచి చూస్తే లోపల అంత పెద్ద కట్టడం ఉందని ఎవరూ ఊహించలేరు. కట్టడం గొప్పగా కనబడాలన్న తాపత్రయం ఎక్కడా లేకపోవడమే ఆ వాస్తుశిల్పులలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

నడవవలసిన దారి ఇది. బంగళాలో ప్రవేశించి ముందుగా ఉత్తరపు వైపు గాజు నడవా పట్టుకోండి. ఒకవైపు గోడకు చిత్రాలు, మరోవైపు గాజు అవతల చెట్లు ఉంటాయి. రెండింటినీ చూస్తూ నిదానంగా నడవండి, చెట్ల వైపు చూసినంత మాత్రాన టిక్కెట్టు డబ్బు వృథా అయినట్టు కాదు. ఆ దారిలోనే జియాకొమెట్టి శిల్పాలున్న ఎత్తైన గది వస్తుంది, దాని ఒక గోడ పూర్తిగా అద్దమే. అద్దం అవతల చిన్న మంచినీటి చెరువు, దాని మీదికి వంగిన చెట్లు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన అల్బెర్టో జియాకొమెట్టి (1901–1966) న్యూయార్కులో ఒక బ్యాంకు ముందరి ఆవరణ కోసం మొదలుపెట్టి, ఆ పని పూర్తికాక మిగిలిపోయిన ఆలోచనలోంచి వచ్చిన "నడిచే మనిషి" (1960) ఇక్కడ ఉన్నాడు. నిలువెత్తు కంచు విగ్రహం, ఎముకల మీద మాంసం లేనంత సన్నగా, ముందుకు వంగి అడుగు వేస్తూ ఉంటుంది. దాన్ని మూడు దూరాల నుంచి చూడండి. గది పైభాగం నుంచి చూసినప్పుడు అది అద్దం ముందు ఒక గీత. సగం దూరానికి వచ్చేసరికి ఎక్కడికో పోతున్న మనిషి. ఇంకా దగ్గరగా వెళ్తే మనిషి మాయమై, మట్టిని వేళ్లతో నొక్కిన గుంటలూ, గోటితో గీకిన గాట్లూ మాత్రమే కంచులో మిగిలి కనబడతాయి. ఆ మూడు చూపుల మధ్య ముందుకూ వెనక్కూ నడవడమే ఆ గదిలో చేయవలసిన పని. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్న పలకను చివర చదివితే చాలు.

కుసామా యాయోయ్ అనే జపాను కళాకారిణి 2008లో చేసిన అద్దాల గది కూడా ఇక్కడే ఉంది. గోడలూ కప్పూ అద్దాలు, నేల మీద నీరు, మధ్యలో నిలబడడానికి చిన్న తిన్నె, పైనుంచి వేలాడుతూ రంగులు మార్చుకునే దీపాలు. కొద్దిమందినే ఒక్కసారి లోపలికి పంపుతారు కాబట్టి బయట వరస ఉంటుంది. చీకటిగా ఉంటుంది, అంచు దాటితే కాలు నీళ్లలో పడుతుంది. చూపు తగ్గినవారు ఎవరి చేయైనా పట్టుకోవాలి, మనవలను చంకనెత్తుకోవాలి. ఫోటోలు తీయడం మానేసి ఉన్న కొద్ది సమయమూ కళ్లతో చూడమని బతిమాలుతున్నాను.

ఉత్తరపు నడవా చివర కెఫే, దాని ముందు సముద్రం మీదికి తెరుచుకున్న తిన్నె. మొత్తం మ్యూజియంలో ఎక్కువసేపు కూర్చోవలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం. అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ (1898–1976) చేసిన లోహపు శిల్పాలు అక్కడ ఉన్నాయి. కింద కదలని లోహపు పాదం, పైన సన్నని కడ్డీల చివర ఆకుల్లాంటి రేకులు. కావడి బద్దను భుజం మీద ఏ చోట ఆనిస్తే రెండు వైపులా సమంగా తూగుతుందో మోసేవాడికి తెలిసినట్టే, ప్రతి కడ్డీని ఏ చోట పట్టి ఆపాలో ఆ శిల్పి లెక్క చూసుకున్నాడు. చిన్న కొస మీద పెద్ద రేకు, పొడుగు కొస మీద చిన్న రేకు. గాలి వచ్చినప్పుడు అన్ని కడ్డీలూ ఒక్క వేగంతో తిరగవు. పైది ముందు కదులుతుంది, కిందది ఆలోచించి కదులుతుంది, ఒక్కోసారి రెండూ ఎదురుబొదురుగా తిరిగి మళ్లీ నిలుస్తాయి. గాలి లేకపోతే ఈ శిల్పం సగమే ఉన్నట్టు. అందుకే దాన్ని గదిలో కాక జలసంధి ఎదుట నిలబెట్టారు. మనం కూడా గాలి వచ్చేదాకా కూర్చోవాలి. ఎదురుగా కనబడే గట్టు స్వీడన్. నీటి మధ్యలో కనబడే లంక పేరు వెన్. పదహారో శతాబ్దం చివర టైకో బ్రాహే అనే ఖగోళ శాస్త్రవేత్త అక్కడ వేధశాల కట్టుకుని నక్షత్రాల స్థానాలను కొలిచాడు.

తిన్నె నుంచి పచ్చికలోకి దిగాక హెన్రీ మూర్ శిల్పాన్ని వెతుక్కోండి. ఆ ఆంగ్లేయుడు 1963–64లో చేసిన ఈ కంచు శిల్పంలో ఒరిగి పడుకున్న మనిషి రెండు ముక్కలుగా ఉంటాడు. దాని చుట్టూ ప్రదక్షిణంగా తిరగండి. ఒక చోట నుంచి రెండు ముక్కలూ కలిసి ఒకే శరీరంగా కనబడతాయి. నాలుగడుగులు వేయగానే మధ్యలో సందు పడి, ఆ సందులోంచి సముద్రం కనబడుతుంది. ఇంకా జరిగితే మనిషి పోయి రెండు రాతిగుట్టలే మిగులుతాయి. ఏ ఒక్క చోటా నిలబడి దాన్ని పూర్తిగా చూడడం సాధ్యం కాదు. "ఎక్కడ నిలబడి ఉంది" అన్న ప్రశ్నను శిల్పానికే కాదు, చూసే మనకు కూడా వేసుకోవాలని ఈ శిల్పం దగ్గర తెలుస్తుంది. గుడిలో నంది మూపు తాకి దండం పెట్టుకునే అలవాటు మనకు ఉంది గాని, ఇక్కడ శిల్పాలను ముట్టుకోకూడదు. చేతి చెమట, ఉప్పుగాలి కలిసి లోహపు పైపూతను తినేస్తాయి. తోటలోనే, సముద్రం వైపు జారే లోయలో, అమెరికా శిల్పి రిచర్డ్ సెర్రా 1980లలో నిలబెట్టిన పెద్ద ఉక్కు పలకలున్నాయి. అక్కడికి దిగడం సులువే, ఎక్కడం కష్టం. మోకాళ్ల నొప్పులున్నవారు పైనుంచి చూసి తృప్తిపడవచ్చు.

మళ్లీ లోపలికి వచ్చాక దారి భూమి కిందికి పోతుంది. 1991లో కట్టిన ఈ భాగం ఉత్తరపు గదులను 1982 నాటి దక్షిణపు గదులతో కలుపుతుంది, కాబట్టి వచ్చిన దారినే తిరగకుండా మొత్తం చుట్టి రావచ్చు. భూమి కింద ఎందుకంటే, కాగితం మీద వేసిన చిత్రాలు వెలుతురుకు వెలిసిపోతాయి, కాగితం పసుపెక్కుతుంది. పైన అంత గాజు వాడినవారే ఇక్కడ కిటికీ లేకుండా కట్టారు. దామెర్ల నీటిరంగుల చిత్రాలను చూసి వచ్చినవారికి ఈ చీకటి గదుల విలువ వెంటనే బోధపడుతుంది. దక్షిణపు గదుల్లో తరచు మారే ప్రదర్శనలు ఉంటాయి. డెన్మార్కు చిత్రకారుడు అస్గెర్ యోర్న్ (1914–1973) చిత్రాలు వేలాడదీసి ఉంటే వాటి ముందు ఆగండి. ముద్దలు ముద్దలుగా పూసిన రంగుల్లో ముఖాలు కనబడీ కనబడనట్టు ఉంటాయి, అవి ముఖాలే అని తేల్చుకోవలసిన అవసరం లేదు. అంతకుమించి అన్నీ చూడాలని పట్టుపట్టవద్దు. ఆ పూటకు ఆరు కళాఖండాలు మనసుకు పట్టినా అది మంచి దర్శనమే. కాళ్లు పీకుతున్నప్పుడు ఇంకో గది చూడడం కన్నా బయట పచ్చికలో కూర్చోవడం మేలు.

మనవలు వెంట ఉంటే వారిని పిల్లల విభాగానికి పంపండి. 1994లో కట్టిన ఆ మూడంతస్తుల భాగంలో రంగులు, మట్టి, కాగితం ఇచ్చి పిల్లల చేత ఏదో ఒకటి చేయిస్తారు. తాతయ్యా అమ్మమ్మా కూడా అక్కడ కూర్చుని మట్టి ముద్ద చేతిలోకి తీసుకుంటే, జియాకొమెట్టి వేలి గుర్తులు ఎలా పడ్డాయో మాటలతో ఎవరూ చెప్పనక్కరలేదు. అదే రోజున హెల్సింగోర్‌లోని క్రోన్‌బోర్గ్ కోట కూడా కలిపి చూపిస్తామని పిల్లలు అంటారు. అది ప్రపంచ వారసత్వ కట్టడమే, చూడదగినదే, కాని దానికి వేరే రోజు పెట్టుకోవడం మంచిది.

బయటికి వచ్చే ముందు దుకాణంలో ఒక పోస్టరు కొనుక్కోవాలనిపిస్తే మడత పెట్టించకుండా అట్ట గొట్టంలో చుట్టించుకుని, విమానంలో చేతి సామానుతో పాటే తెచ్చుకోండి. ఇంటికి వచ్చాక ఫ్రేము కట్టించేటప్పుడు కాగితానికీ అద్దానికీ మధ్య అట్ట అంచు వేయించి కొంచెం ఖాళీ ఉండేలా చూడాలి, లేకపోతే మన వానాకాలపు తేమకు కాగితం అద్దానికి అతుక్కుపోతుంది. ఎండ నేరుగా పడే గోడకు, చెమ్మ ఎక్కే బయటి గోడకు తగిలించవద్దు. ఇంటి లోపలి గోడ ఏదైనా సరిపోతుంది.